చెక్కు తిరిగొచ్చిందన్నావు, మెమో మీద తేదీ చూశావా?

నాన్నా,

రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక నాకు సరిగా నిద్ర పట్టలేదు. 4 లక్షల 80 వేల చెక్కు తిరిగొచ్చింది, సరుకు కొన్న పార్టీ ఏమో "సోమవారం వేసేస్తా, ఈసారికి ఆగు తమ్ముడూ" అంటున్నాడు అన్నావు. ఆటోనగర్‌లో అట్టపెట్టెల యూనిట్ పెట్టి రెండేళ్లు కాలేదు, అప్పుడే లాయరుతో మనకేం పని అనుకున్నావు కదా, నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. గుంటూరులో కారం మిల్లు నడిపిన ఇరవై ఆరేళ్లలో నేను పోగొట్టుకున్న డబ్బు చాలావరకు ప్లీడరు గారి దగ్గరికి ఆలస్యంగా వెళ్లడం వల్లే పోయింది.

ముందు నీ సంగతి చూద్దాం. చెక్కుతో పాటు బ్యాంకు వాళ్లు ఒక చిన్న కాగితం ఇస్తారు, ఖాతాలో డబ్బు లేదని రాసి ఉంటుంది, అదే మెమో. చెక్కు తిరిగొచ్చిన సంగతి బ్యాంకు నుంచి నీకు తెలిసిన రోజు నుంచి 30 రోజుల్లోపు నోటీసు పంపాలి. అది వాళ్లకు అందాక డబ్బు కట్టడానికి 15 రోజులు. అప్పటికీ కట్టకపోతే ఆ తర్వాత నెలలోపు మేజిస్ట్రేట్ కోర్టులో కేసు వెయ్యాలి. చెక్కుల చట్టంలో 138వ సెక్షన్ కింద వేసే కేసు కాబట్టి అందరూ 138 కేసు అంటారే, అదే. రుజువైతే రెండేళ్ల దాకా జైలు గానీ, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. పార్టీది హైదరాబాద్ కాబట్టి అక్కడికి తిరగాలేమోనని టెన్షన్ పడకు, నువ్వు చెక్కు జమ చేసిన నీ ఖాతా ఏ బ్రాంచిలో ఉందో ఆ పరిధి కోర్టులోనే వేసుకోవచ్చు. 2015లో చట్టం అలా మార్చారు.

నా కథ నీకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. 2013లో ఒక వ్యాపారి 3 లక్షల 10 వేలకు చెక్కు ఇచ్చి, "ఇప్పుడే వెయ్యకండి అక్కా" అన్నాడని రెండు నెలలు ఆగి వేశాను. తిరిగొచ్చింది. అడుగుదామనుకునేలోపే ఇంటికొచ్చి కూతురి పెళ్లి శుభలేఖ చేతిలో పెట్టి, పెళ్లి కాగానే సర్దేస్తానన్నాడు. శుభలేఖ ఇచ్చిన మనిషికి నోటీసు ఎలా పంపను చెప్పు? చెక్కూ మెమో కలిపి గుండుసూది గుచ్చి బీరువాలో చీరల కింద పెట్టేశాను. నలభై మూడో రోజున బ్రాడీపేటలో ప్లీడరు గారి దగ్గరికి వెళ్తే, ఆయన చెక్కు వైపు చూడనే లేదు, మెమో మీద తేదీ చూసి వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టుకుని కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. పదమూడు రోజులు ముందు రావాల్సింది తల్లీ, అన్నారు. మళ్లీ బ్యాంకులో వేద్దామంటే చెక్కుకున్న మూడు నెలల కాలమూ దాటిపోయింది. సరుకు బాకీకి మూడేళ్ల గడువుంటుంది కాబట్టి సివిల్ దావా వేశాం. నాలుగేళ్లు వాయిదాలు తిరిగి, చివరికి లోక్ అదాలత్‌లో 2 లక్షలకు రాజీపడ్డాను. కట్టిన కోర్టు ఫీజు వెనక్కొచ్చింది, అంతే.

ప్లీడరును ఎంచుకోవడం గురించి అడిగావు. బంధువు కదా అని మొహమాటపడి ఎవరికీ అప్పజెప్పకు, బంధువుని ఫీజు గురించి గట్టిగా అడగలేం, పని జరక్కపోతే మార్చనూ లేం. ఒక పూట కోర్టుకు వెళ్లి వెనక బెంచీలో కూర్చో. ఎవరు స్వయంగా లేచి మాట్లాడుతున్నారో, ఎవరు ప్రతిసారీ జూనియర్‌ని పంపి వాయిదా అడిగిస్తున్నారో గంటలో తెలిసిపోతుంది. చెక్కు కేసులు చూసేవాళ్లు జీఎస్టీ నోటీసు కూడా బాగా చూస్తారని లేదు, అది వేరే పని. నోటీసుకెంత, కేసు వెయ్యడానికెంత, వాయిదాకెంత అని మొదటి రోజే అడిగి రాసుకో, సిగ్గుపడేదేం లేదు. గెలిస్తే ఇంత శాతం ఇవ్వు అని ఎవరైనా అంటే లేచి వచ్చెయ్, బార్ కౌన్సిల్ నియమాలు దానికి ఒప్పుకోవు. వకాలత్, అంటే మన తరఫున వాదించమని ప్లీడరుకి రాసిచ్చే కాగితం, చదవకుండా సంతకం పెట్టకు. అసలు కాగితాలు ఇవ్వాల్సి వస్తే ఏమేం ఇచ్చావో రాసి సంతకం తీసుకో, జిరాక్సులు నీ దగ్గర ఉంచుకో.

ఇంకో సంగతి, చిన్న పరిశ్రమగా నమోదు చేసుకునే ఉద్యం రిజిస్ట్రేషన్ చేయించావా? ప్రభుత్వ వెబ్‌సైట్లో ఉచితం, దానికి వేలు అడిగేవాళ్లని నమ్మకు. నీది తయారీ యూనిట్ కాబట్టి చాలా ఉపయోగం. చిన్న పరిశ్రమల కోసం చేసిన 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం కొన్నవాళ్లు 45 రోజులు దాటి డబ్బు ఆపడానికి వీల్లేదు, ఒప్పందం రాసుకోకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఇలాంటి బాకీల గొడవలు తేల్చడానికి ఫెసిలిటేషన్ కౌన్సిల్ ఉంది, అక్కడ ఓడితే సరుకు కొన్నవాళ్లు ఆ తీర్పును కోర్టులో సవాలు చెయ్యాలంటే ముందు అందులో 75 శాతం కట్టాలి. గొడవ వచ్చాక రిజిస్ట్రేషన్‌కి పరిగెత్తితే పాత బిల్లులకు పనికిరాకపోవచ్చు, ఈ వారమే చేయించు, ఆ నంబరు బిల్లు మీద వేయించు.

మీ స్నేహితుడితో భాగస్వామ్యం కూడా నోటిమాటగానే ఉందని మీ అమ్మ చెప్పింది. ఫర్మ్ రిజిస్టర్ కాకపోతే బాకీదారు మీద ఫర్మ్ పేరుతో దావా వెయ్యలేవు, నాన్నా. అది కూడా ప్లీడరు గారితోనే మాట్లాడు.

గవర్నర్‌పేటలో నాకు తెలిసిన ప్లీడరు గారు సాయంత్రం ఆరు తర్వాత ఆఫీసులో ఉంటారు, రేపు నువ్వు వస్తావని చెప్పి ఉంచాను. చెక్కు, మెమో, బిల్లులు, సరుకు దింపినట్టు సంతకం ఉన్న చలానాలు అన్నీ పట్టుకెళ్లు. "సోమవారం వేస్తా" అని వాడు పెట్టిన వాట్సాప్ మెసేజ్‌లు ఒక్కటి కూడా చెరపకు. ఇది చదవగానే మాత్రం మెమో తీసి తేదీ చూసి నాకు ఫోన్ చెయ్యి, పక్కనే పెట్టుకుని కూర్చుంటాను.

మీ పెద్దమ్మ