డాలు మీది కథ: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

ఉత్తర ఐరోపా సముద్ర యోధులైన వైకింగుల కాలపు వీడియో గేమ్ కోసం నువ్వు రాసి పంపిన డాలు వర్ణన రెండుసార్లు చదివాను. ‘థార్ దేవుడి శక్తి నిండిన ఈ డాలు శత్రువుల గుండెల్లో దడ పుట్టిస్తుంది’ అన్న నీ వాక్యం ఏ కత్తికైనా, ఏ గొడ్డలికైనా అతుకుతుంది. నా అభ్యంతరమంతా అక్కడే. 2020లో వచ్చిన ‘అస్సాసిన్స్ క్రీడ్ వల్హల్లా’ వంటి ఆటలో తొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండంతా తిరిగే ఆటగాడికి కొత్త డాలు దొరికితే, దాని గురించిన రెండు మూడు వాక్యాలు చదవడానికి అతడు ఒక్క క్షణం ఆగుతాడు. నీకున్న చోటు అంతే.

ముందు వస్తువును చూడు. 1880లో నార్వేలో తవ్వి తీసిన గోక్‌స్టాడ్ అనే వైకింగుల ఓడకు రెండు వైపులా కలిపి 64 డాళ్లు ఉండేవి. అవి పలుచని చెక్క పలకలను చేర్చి చేసిన గుండ్రని డాళ్లు. ఒకటి పసుపు, దాని పక్కది నలుపు. వాటి మీద దేవుళ్లు లేరు. దేవుళ్ల బొమ్మలున్న డాళ్లు మనకు కవిత్వంలో కనిపిస్తాయి. ఆనాటి నార్వే కవి బ్రాగి తనకు కానుకగా అందిన డాలు మీది బొమ్మలను పద్యాలుగా కట్టి దాత రుణం తీర్చుకున్నాడు. అదే దారిలో త్యోదోల్వ్ అనే కవి మరో డాలు మీద చూసిన థార్, హ్రుంగ్నిర్‌ల పోరును పాడాడు.

ఆ పోరులోనే ఒక డాలు కథ ఉంది. హ్రుంగ్నిర్ అనే రాకాసి రాతి డాలును ముందు పట్టుకుని నిలబడగా, థార్ సేవకుడు పరుగున వచ్చి, తన యజమాని భూమి కిందినుంచి రాబోతున్నాడని అతణ్ణి నమ్మించాడట. రాకాసి డాలును కింద వేసి దాని మీద నిలబడ్డాడు. థార్ సుత్తి ఎదురుగా వచ్చి అతడి తల బద్దలు కొట్టింది. పదమూడో శతాబ్దంలో ఐస్‌లాండ్ రచయిత స్నోరి ఈ కథను వివరంగా రాశాడు. అంతకు ఎన్నో తరాల ముందే బ్రాగి డాలును ‘థ్రూద్‌ను దొంగిలించినవాడి అరికాళ్ల కింది ఆకు’ అన్నాడు. థ్రూద్ థార్ కూతురు, ఆ దొంగ హ్రుంగ్నిర్. గరుడవాహనుడంటే ఎవరో వెంటనే పోల్చుకునే మనకు, పేరు చెప్పకుండా కథతో సూచించే ఈ పద్ధతి కొత్త కాదు కాబట్టి, నీకు ఇది ఇతరులకంటే సులువుగా పట్టుబడాలి.

అందువల్ల నీ వర్ణనలో ‘శక్తి’ అనే మాట తీసెయ్యి. డాలు మీద రాకాసి పాదాలు గీసిన చిత్రకారుణ్ణి, సరిగ్గా ఆ పాదాల మీద పడిన గొడ్డలి గాటును, రంగు పెచ్చులూడినా దాన్ని మార్చుకోని యోధుణ్ణి ఊహించు. కథ మొత్తం చెప్పవద్దు. మోసపోయినవాడి బొమ్మను ఆ యోధుడు ఎందుకు కోరి గీయించుకున్నాడో ఒక్క వాక్యంలో సూచించు. అది రాయగానే నాకు పంపు, ఆ వాక్యం కోసం ఎదురుచూస్తాను.