ముందు అక్క ఫోన్ ఎత్తండి

ప్రశ్న: మేడమ్, నా వయసు 41. భార్య, ఇద్దరు పిల్లలతో టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాను. మా అక్కావాళ్లు పక్కనే ప్లేనోలో ఉంటారు. 2008లో నేను అమెరికా వచ్చిన కొత్తలో ప్రాజెక్టు దొరక్క పద్నాలుగు నెలలు వాళ్లింట్లోనే ఉన్నాను. అప్పటికి అక్కకు పెళ్లయి రెండేళ్లు. మాకు అమ్మానాన్నా ఇద్దరూ లేరు. అమెరికన్ ఫుట్‌బాల్ చూడటం నాకు నేర్పింది బావే. సీజన్‌లో ప్రతి ఆదివారం మా డాలస్ టీమ్ కౌబాయ్స్ గేమ్ వాళ్లింట్లోనే చూసేవాళ్లం. మొన్న జనవరిలో టీవీలో కౌబాయ్స్ ఆటగాడు డెజ్ బ్రయంట్ పాత క్యాచ్ మళ్లీ వేశారు. అది క్యాచ్ కాదని రిఫరీ అన్యాయం చేశాడని బావ అన్నాడు. అప్పటి రూల్ ప్రకారం రిఫరీ కాల్ (నిర్ణయం) కరెక్టేనని నేనన్నాను. మాటా మాటా పెరిగింది. నేను ఫోన్‌లో ఆ రూల్ తీసి, వచ్చిన ఎనిమిది మంది ముందూ చదివి వినిపించాను. బావ, "పద్నాలుగు నెలలు నా ఇంట్లో తిన్నప్పుడు గుర్తు రాలేదా నీకు ఈ రూల్స్?" అన్నాడు. వడ్డన మొదలవుతుండగా భార్యాపిల్లల్ని తీసుకుని వచ్చేశాను. నాలుగు నెలలైంది. అక్క ఫోన్ చేస్తోంది, నేను ఎత్తడం లేదు. జూన్‌లో మేనకోడలి ఓణీల ఫంక్షన్. బావ సారీ చెబితేనే వెళ్తాను. రిఫరీ ఇచ్చిన ఆ కాల్ విషయంలో ఎవరిది కరెక్టో మీరు స్పష్టంగా రాయండి, బావకు పంపిస్తాను.
(పేరు వద్దన్నారు, ఫ్రిస్కో)

జవాబు: బాబూ, మీరు అడిగినదానికి ముందు జవాబు చెప్పేస్తాను. అది తేలిక గనక. రూల్ ప్రకారం మీరు చెప్పింది కరెక్ట్. కంటికి కనిపించినదాని ప్రకారం మీ బావగారు చెప్పింది కరెక్ట్.

మా అబ్బాయి ఇర్వింగ్‌లో ఉంటాడు. మూడు చలికాలాలు వాడి దగ్గర గడిపాను కాబట్టి మీ ఆట నాకు కొత్త కాదు. ఆ క్యాచ్‌ని ఎన్నిసార్లు చూపించారో కూడా తెలుసు. 2015 జనవరి 11న, గ్రీన్ బేలోని లాంబో ఫీల్డ్‌లో గేమ్. ఆట ముగియడానికి ఐదు నిమిషాలు కూడా లేవు. గ్రీన్ బే టీమ్ ప్యాకర్స్ 26, కౌబాయ్స్ 21. నాలుగో డౌన్, అంటే ఆఖరి ప్రయత్నం, ఇంకా రెండు గజాలు కావాలి. కౌబాయ్స్‌లో బంతి విసిరే టోనీ రోమో రెండు గజాల కోసం చూడకుండా దూరంగా విసిరాడు. బ్రయంట్ డిఫెండర్ మీదుగా ఎగిరి బంతిని అందుకుని, అడుగులు వేసి, గోల్ లైన్ వైపు చెయ్యి చాపుతూ పడ్డాడు. నేల తగలగానే బంతి కదిలింది. మైదానంలో ఉన్నవాళ్లు ముందు క్యాచ్ అనే చెప్పారు. ప్యాకర్స్ కోచ్ మైక్ మెకార్తీ ఎర్ర జెండా విసిరి ఛాలెంజ్ చేశాడు. రిఫరీ రీప్లే చూసి, క్యాచ్ కాదని కాల్ మార్చేశాడు. పట్టుకుంటూ కింద పడేవాడు నేల తగిలాక కూడా బంతి మీద పట్టు నిలబెట్టుకోవాలన్నది అప్పటి రూల్. కౌబాయ్స్‌కి మళ్లీ బంతి దక్కనే లేదు.

2018 మార్చిలో టీమ్‌ల ఓనర్లు ఆ రూల్‌నే మార్చేశారు. నేల తగిలాక కూడా పట్టు నిలవాలన్న షరతు పోయింది. మార్చాల్సి వచ్చిందంటే మీ బావగారి బాధలో న్యాయం ఉన్నట్టే. మార్చేదాకా అదే రూల్ గనక మీ మాటలోనూ న్యాయం ఉన్నట్టే. ఆ మరుసటి నెలలోనే కౌబాయ్స్ బ్రయంట్‌ని టీమ్ నుంచి తీసేశారు కూడా. అంతటితో ఆ కథ అయిపోయింది. మీ ఇంట్లో మాత్రం అవలేదు.

ఇంకో విషయం. ఆ గేమ్‌కి సరిగ్గా వారం ముందు, జనవరి 4న, కౌబాయ్స్ డెట్రాయిట్ లయన్స్ మీద 24-20తో గెలిచారు. ఆ రోజు నాలుగో క్వార్టర్‌లో కౌబాయ్స్ మీద పాస్ ఇంటర్‌ఫియరెన్స్ అని, అంటే బంతి అందుకోబోయేవాణ్ణి రూల్‌కి విరుద్ధంగా అడ్డుకున్నారని, ఫ్లాగ్ పడింది. రిఫరీ మైకులో చెప్పేశాడు కూడా. తర్వాత పెనాల్టీ లేదని ఫ్లాగ్ తీసేసుకున్నారు. డెట్రాయిట్ వాళ్లు ఇప్పటికీ ఆ మాట తలుచుకుని బాధపడతారు. మీ బావగారు ఈ పదేళ్లలో దాని గురించి ఒక్కసారైనా అన్యాయం అన్నారా? అని ఉండరు. మనకు తగిలిన దెబ్బ మనకు గుర్తుంటుంది, మనకు కలిసొచ్చింది గుర్తుండదు. ఆయనకు లయన్స్ గేమ్ గుర్తు లేనట్టే మీకూ ఒకటి గుర్తు లేదు. అది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మీ ఉత్తరం ఆరు పేజీలు. ఇక్కడ కుదించి వేశాం. అందులో రెండు పేజీలు రూల్ పుస్తకం. రెండు పేజీలు బావ అన్న మాట, దానికి మీరు ఏమనాల్సింది, ఏమనలేకపోయారు. ఈ గొడవయ్యాక మీ అక్క సంగతి ఎంత రాశారో లెక్క చూశాను. ఒక్క వాక్యం. "అక్క ఫోన్ చేస్తోంది, నేను ఎత్తడం లేదు." ఆ వాక్యం దగ్గరే నేను ఆగిపోయాను.

పద్నాలుగు నెలలు ఆ ఇంట్లో తిన్నారు. సరే, వండింది ఎవరు? పెళ్లయి రెండేళ్లయిన ఆడపిల్ల, రెండు గదుల అపార్ట్‌మెంటో ఏదో, అందులో తమ్ముణ్ణి పద్నాలుగు నెలలు ఉంచుకుంది. ఇండియా నుంచి అత్తగారు ఫోన్ చేసినప్పుడల్లా "మీ తమ్ముడు ఇంకా అక్కడే ఉన్నాడా?" అని అడగకుండా ఉన్నారా? ఆ ఫోన్లన్నీ ఎత్తింది ఎవరు? మీకు తెలియకుండా ఎన్ని మాటలు ఆమె మీద పడి ఉంటాయో ఎప్పుడైనా అడిగారా? బావ ఆ మాట అన్నప్పుడు మీకు తలకొట్టేసినట్టయింది. నిజమే. ఆ మాట వంటింట్లో ఉన్న మీ అక్కకు ఎలా తగిలి ఉంటుందో ఆలోచించండి. మీరు తిన్నది ఆమె తమ్ముడిగా. ఎత్తిపొడిచింది ఆమె పుట్టింటిని. మీకంటే ఎక్కువ అవమానం జరిగింది ఆమెకు. గిన్నెలు చేత్తో పట్టుకుని నిలబడి ఉండగా సొంత తమ్ముడు విస్తరి ముందునుంచి లేచి వెళ్లిపోయాడు. ఆ రాత్రి ఆ ఎనిమిది మందికీ వడ్డించింది కూడా ఆమేనని మర్చిపోకండి.

అందుకే ఇది బావా బావమరుదుల తగువని మీరు రాసినా నేను ఒప్పుకోను. మీరూ మీ బావగారూ వచ్చే సీజన్‌కి ఎలాగో ఒక సోఫాలో కూర్చుంటారు. మగవాళ్ల మధ్య ఇలాంటివి ఎన్ని చూడలేదు? తెగిపోతున్నది మీకూ మీ అక్కకూ మధ్య. నాలుగు నెలలుగా దాన్ని రోజూ మీ చేత్తోనే తెంచుతున్నారు, ఫోన్ మోగినప్పుడల్లా.

నా సంగతి ఒకటి చెబుతాను. దీన్ని నేను ఎక్కువ మందికి చెప్పలేదు. మా పెద్దమ్మాయి పెళ్లికి మా అన్నయ్య రాలేదు. పొలం గట్టు దగ్గర మా ఆయనా అన్నయ్యా మాట అనుకున్నారు. ఎవరిది తప్పో ఈ రోజుకీ నాకు సరిగ్గా తెలియదు. ముహూర్తం వేళ పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి తేవాల్సిన మేనమామ లేడు. పురోహితుడు "మేనమామ ఎక్కడ?" అని రెండుసార్లు పిలిచారు. మా పిన్ని కొడుకు గబగబా పంచె బిగించుకుని వచ్చి బుట్ట పట్టుకున్నాడు. ఏడాది తిరక్కుండా మా ఆయనా అన్నయ్యా కలిసిపోయారు. సంక్రాంతికి మా అరుగు మీద కూర్చుని పేకాడారు. నేను కాఫీలు ఇచ్చాను. ఇరవై ఆరేళ్లయింది. పెళ్లి ఆల్బమ్‌లో ఆ పేజీ వచ్చినప్పుడు ఇప్పటికీ చూడకుండా తిప్పేస్తాను. అన్నయ్య మంచివాడే. నాకు అతని మీద ప్రేమ కూడా ఉంది. కానీ ఆ రోజు నేను ఒంటరిగా నిలబడ్డాను.

మీ అక్కకు ఆ పేజీ మీరు తయారు చేస్తున్నారు.

బావగారి మాట సంగతి. అది తప్పే, దాన్ని వెనకేసుకురాను. పెట్టిన అన్నానికి పదిహేనేళ్ల తర్వాత లెక్క చెప్పడం నాకు అసహ్యం. ఎంత కోపంలోనైనా ఆ మాట నోటికి రాకూడదు. అయితే మీరు చేసింది కూడా చూసుకోండి. ఆట నేర్పిన మనిషికి, ఆయన ఇంట్లోనే, ఆయన పిలిచిన చుట్టాలూ స్నేహితుల ముందు, ఫోన్ తీసి రూల్ చదివి వినిపించారు. అల్లుడు గనక ఏమన్నా పడాలని నేననను, ఆ కాలం పోవడమే మంచిది. కానీ ఎవరైనా సరే, సొంత ఇంట్లో నలుగురి ముందు చిన్నబోతే చేతికి దొరికిన రాయి విసురుతారు. ఆయనకు ఆ రాయి దొరికింది.

సారీ చెబితేనే వస్తానంటున్నారు, ఆత్మాభిమానం అంటున్నారు. ఆత్మాభిమానం నాకూ ముఖ్యమే, ఆడవాళ్లకు ఈ పేజీలో ఎన్నోసార్లు ఆ మాటే రాశాను. అయితే అది ఉన్నవాడు అనాల్సిన మాటను అనాల్సిన మనిషితోనే అంటాడు. "బావా, ఆ రోజు నువ్వన్న మాట నాకు బాగా తగిలింది" అని ఎదురుగా కూర్చుని చెప్పడానికి మీకు నోరు రాలేదు. అక్క ఫోన్ ఎత్తకపోవడానికి మాత్రం పట్టుదల వచ్చింది. బావ బాకీని అక్క దగ్గర వసూలు చేయడం అభిమానం అనిపించుకోదు. ఆమె మెత్తగా ఉంది గనక ఆమె మీద చూపిస్తున్నారు.

అమ్మానాన్న లేరని రాశారు. అంటే మీ అక్కకు పుట్టిల్లంటే ఇప్పుడు ఫ్రిస్కోలో మీ ఇల్లే. కూతురికి ఓణీ వేస్తున్నప్పుడు, లంగా ఓణీ పళ్లెంతో గుమ్మంలోకి ఎవరు వస్తారని నలుగురూ చూస్తారు. ఆమె నాలుగు నెలలుగా ఫోన్ చేస్తున్నది అందుకే అయ్యుండవచ్చు. "వస్తున్నావా లేదా, మేనమామ వైపు నుంచి ఎవరిని కూర్చోబెట్టను?" అని అడగడానికి. అడిగి ఏడ్చే అవకాశం కూడా మీరు ఇవ్వలేదు.

మీ ఆవిడ ఏమంటోందో రాయలేదు. ఆవిణ్ణి కూడా అడగండి. పిల్లలు అత్తయ్య గురించి అడిగితే ఏం చెబుతున్నారో కూడా.

ఇంకొక్క సంగతి. ఆ రోజు ఎర్ర జెండా విసిరిన మెకార్తీని 2020లో కౌబాయ్స్ వాళ్లే తెచ్చి హెడ్ కోచ్‌ని చేసుకున్నారు. అయిదు సీజన్లు ఉన్నాడు. ఆ అయిదేళ్లూ మీ బావగారు ప్రతి ఆదివారం అతను గెలవాలనే కోరుకున్నారు, పక్కన మీరూ ఉన్నారు. ఆ క్యాచ్ పోగొట్టిన మనిషినే సొంతం చేసుకోగలిగినవారు, ఒక మాట అన్న బావనూ, ఒక రూల్ చదివిన బావమరిదినీ వదులుకోవాలా?

ఈ జవాబు ఆయనకు పంపకండి. ఇది ఆయనకు రాయలేదు, మీకు రాశాను. ఎవరిది కరెక్టో తేల్చుకోవాలని ఉంటే ఫంక్షన్ అయ్యాక, భోజనాలయ్యాక, ఇద్దరూ వరండాలో కూర్చుని తేల్చుకోండి. ఆ మాట తగిలిందని అప్పుడే చెప్పండి. ఆయన సారీ అన్నా అనకపోయినా చెప్పండి.

ఈ రోజు మాత్రం అక్క ఫోన్ కోసం ఎదురుచూడకుండా మీరే చేయండి. ఆమె ఎత్తగానే బావ ఊసు తేకండి, జనవరి ఊసు తేకండి. ఆమె ఏడిస్తే ఏడవనివ్వండి, మధ్యలో అడ్డం పడకండి. కాస్త తేరుకున్నాక, మేనకోడలిని ఫోన్ దగ్గరకు పిలవమని చెప్పి, లంగా ఓణీ ఏ రంగుది కావాలో ఆ పిల్లనే అడగండి.