వైర్‌లెస్ రూటింగ్ చదువుతానంటున్న అమ్మాయిని సాఫ్ట్‌వేర్ వైపు మళ్లించాలా?

ప్రశ్న: మాది కర్నూలు. మా అమ్మాయి అనంతపురంలో ఈసీఈ మూడో సంవత్సరం చదువుతోంది. జనం కిక్కిరిసే చోట్ల వైర్‌లెస్ నెట్‌వర్క్‌లో ట్రాఫిక్‌ను ఏ దారిన పంపాలో రూపొందించే పని చేస్తానంటోంది. సాఫ్ట్‌వేర్ కోచింగ్‌లో చేర్పించడం మేలు కాదా?

జవాబు: రేడియో తరంగాల స్వభావం తెలియని ప్రోగ్రామర్‌గానీ, ప్రోగ్రామింగ్ రాని ఈసీఈ పట్టభద్రులుగానీ ఈ రంగంలో ఎక్కువ దూరం వెళ్లలేరు కనుక, సీ++, పైథాన్, లినక్స్ గట్టిగా నేర్పే కోచింగ్ అయితే నిరభ్యంతరంగా చేర్పించండి. అంతమాత్రాన ఆమె ఎంచుకున్న విషయాన్ని మాన్పించనక్కర్లేదు.

ఆ విషయం లోతైనది. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో సాధారణంగా ఒకదానితో ఒకటి కలవకుండా వాడుకోదగ్గ ఛానెళ్లు 1, 6, 11 మాత్రమే కాబట్టి, రాత్రిపూట హాస్టల్‌లో అందరూ వీడియోలు తెరిస్తే ఒకే ఛానెల్‌లోని పరికరాలన్నీ వంతుల కోసం కాచుకోవలసిందే. తక్కువ మజిలీలున్న (అంటే మధ్యలో తక్కువ పరికరాల మీదుగా వెళ్లే) దారే మేలనుకోవడమూ సరికాదు. ప్యాకెట్ (డేటా ముక్క), అది చేరిందని తిరిగొచ్చే రసీదు చెరో సగం సార్లే చేరే నేరు లింకులో ఒక ప్యాకెట్‌ను సగటున 4 సార్లు పంపాల్సి వస్తుంది. రెండు వైపులా 90 శాతం చేరే రెండు లింకుల మీదుగా పంపితే మొత్తం సుమారు 2.47 సార్లు చాలు. ఇలా ఎన్నిసార్లు పంపాల్సి వస్తుందో లెక్కించే ఈటీఎక్స్ అనే కొలమానం చెప్పేది ఇదే.

మీ అమ్మాయికి నా సూచన ఏమిటంటే, ఉచితంగా దొరికే ఎన్‌ఎస్-3 అనే నెట్‌వర్క్ సిమ్యులేటర్‌లో దారి ఎంచే ఏఓడీవీ, ఓఎల్ఎస్ఆర్ ప్రొటోకాల్‌లను పోల్చి, నోడ్‌ల (నెట్‌వర్క్‌లోని పరికరాల) సంఖ్యను 10 నుంచి 50కి పెంచుతూ ఆలస్యం, ప్యాకెట్ నష్టం ఎలా మారుతున్నాయో గమనించాలి. గ్రాఫ్ గీయడం ఎవరైనా చేస్తారు. అది ఎక్కడ, ఎందుకు వంగిందో వివరించగలిగితేనే ఆ ప్రాజెక్టుకు ఇంటర్వ్యూలో విలువ. సిస్కో కంపెనీ ఇచ్చే సీసీఎన్‌ఏ నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ పునాదికి పనికొస్తుంది, కానీ దానితోనే డిజైనర్ కాలేరు.

ఒక మాట దాచకుండా చెప్పాలి. బీటెక్ ముగియగానే నేరుగా రూటింగ్ డిజైన్ ఉద్యోగాలు అరుదు. తొలి మెట్టు సాధారణంగా బెంగళూరు, హైదరాబాద్‌లలో నెట్‌వర్క్ టెస్టింగ్ లేదా వై-ఫై ఫర్మ్‌వేర్ (పరికరం లోపలే నడిచే సాఫ్ట్‌వేర్) పనే అవుతుంది. పరిశోధనే కావాలనుకుంటే సాధారణంగా ఎంటెక్ అవసరం. గేట్‌లో కంప్యూటర్ నెట్‌వర్క్స్, ఆల్గారిథమ్స్ సీఎస్ పేపర్‌లోనూ, కమ్యూనికేషన్స్ ఈసీ పేపర్‌లోనూ ఉంటాయి. ఈసీఈ వారూ సీఎస్ పేపర్ రాయవచ్చు. అయితే చేరదలచిన విభాగం ఏ పేపర్ స్కోరును అంగీకరిస్తుందో ఆ సంస్థ ప్రవేశ ప్రకటనలో చూసుకున్నాకే దరఖాస్తు చేయించండి.