డ్రాఫ్ట్ అయిన వెంటనే సంతకమా, జులై దాకా ఆగాలా?

ప్రశ్న: మేం టెక్సస్‌లో, డాలస్ దగ్గర ఉంటాం. మా అబ్బాయి చిన్నప్పటి నుంచి సాకర్ ఆడేవాడు. హైస్కూల్లో కోచ్ చూసి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులోకి కిక్కర్‌గా, అంటే బంతి తన్నేవాడిగా, తీసుకున్నారు. ఇప్పుడు కాలేజీలో ఆఖరి సంవత్సరం. ఏప్రిల్‌లో ఎన్ఎఫ్ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్) జట్లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఆరో రౌండ్లోనో ఏడో రౌండ్లోనో పేరు రావచ్చు, రాకపోనూ వచ్చు అని ఏజెంట్ అంటున్నాడు. కాంట్రాక్టు పంపిన రోజే సంతకం పెట్టేయాలి, వాళ్ల మనసు మారితే ఎలా అని మా వారి భయం. మా బావగారు ఐటీలో పెద్ద ఉద్యోగం చేశారు. మొదటి ఆఫర్‌కి ఎవరైనా ఒప్పుకుంటారా, జులైలో ట్రైనింగ్ క్యాంప్ మొదలయ్యేదాకా బిగపట్టి కూర్చుంటే వాళ్లే పెంచుతారు అని ఆయన వాదన. పైగా వాడి డిగ్రీకి ఇంకా రెండు కోర్సులు మిగిలి ఉన్నాయి. ఏం చేయమంటారు? (ఒక తల్లి)

జవాబు: అమ్మా, ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. మీ అబ్బాయి పేరు ఆరు, ఏడు రౌండ్లలో వస్తే, ఏజెంట్ కాంట్రాక్టు పూర్తిగా చదివి సరేనన్నాక, మేలో కొత్త ఆటగాళ్లకు (రూకీలకు) జరిగే రూకీ మినీ క్యాంప్ నాటికి సంతకం అయిపోవడం మంచిది. జులై దాకా ఆగితే ఒరిగేదేమీ లేదు. పేరు రాకపోతే మాత్రం సంగతి పూర్తిగా వేరు. డ్రాఫ్ట్ ముగిసిన ఆ శనివారం సాయంత్రమే, నిమిషాల్లో తేల్చుకోవాల్సి వస్తుంది. మీ ఇంట్లో మే, జులై అని చర్చ జరుగుతోంది గానీ, మీరు ఇప్పటి నుంచే సిద్ధం కావాల్సింది ఆ సాయంత్రానికి.

మీ బావగారి మాట ఐటీ ఉద్యోగం విషయంలో అక్షరాలా నిజం. చేతిలో రెండు ఆఫర్లుంటే ఒకటి చూపించి రెండోది పెంచుకోవచ్చు. డ్రాఫ్ట్‌లో ఆ రెండో ఆఫర్ ఉండదు. ఒక జట్టు ఎంచుకుందంటే మిగతా 31 జట్లలో ఏదీ వాడికి కాంట్రాక్టు ఇవ్వడానికి వీల్లేదు. నచ్చకపోతే ఆ సీజనంతా ఇంట్లో కూర్చుని మరుసటి ఏడాది మళ్లీ డ్రాఫ్ట్‌కి వెళ్లాలి. సీజన్ పదో వారం ఆటలు అయిపోయాక వచ్చే మంగళవారానికి సంతకం లేకపోతే ఆ ఏడాది మైదానంలోకి దిగనివ్వరు. మొదటి రౌండ్లో పోయిన క్వార్టర్‌బ్యాక్ (జట్టు ఆటను నడిపించేవాడు) కోసమైతే జట్టు ఆగుతుంది. ఆరో రౌండ్ కిక్కర్ రాకపోతే ఇంకో కిక్కర్‌కి ఫోన్ చేస్తుంది.

ఆగితే పెరుగుతుందన్న నమ్మకం ఎక్కడిదో కూడా చెప్పాలి, ఎందుకంటే ఒకప్పుడు అది నిజమే. 2011కి ముందు రూకీల జీతాలకు ఇప్పుడున్నంత గట్టి కట్టుబాటు లేదు. 2007లో మొదటి పిక్ (డ్రాఫ్ట్ మొత్తంలో అందరికన్నా ముందు ఎంపికైన) జమార్కస్ రసెల్ రెయిడర్స్‌తో బేరం కుదరక ట్రైనింగ్ క్యాంప్ మొత్తం వదిలేశాడు. సీజన్ మొదలయ్యాక సెప్టెంబర్ 12న సంతకం చేశాడు. 3 కోట్ల డాలర్లకు పైగా గ్యారంటీ, అంటే జట్టు వదిలేసినా ఇవ్వాల్సిన డబ్బు, దక్కింది. ఆట మాత్రం కుదురుకోలేదు, 2010లో జట్టు వదిలేసింది. 2009లో పదో పిక్ మైకేల్ క్రాబ్‌ట్రీ అక్టోబర్ 7 దాకా సంతకం చేయలేదు. అప్పటికే ఫార్టీ నైనర్స్ నాలుగు ఆటలు ఆడేసింది. 2010లో మొదటి పిక్ శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కి 5 కోట్ల డాలర్లు గ్యారంటీగా వచ్చాయి. మరుసటి ఏడాది జట్ల యజమానులూ ఆటగాళ్ల సంఘమూ కొత్త ఒప్పందం రాసుకున్నారు. ఆ ఏడాది మొదటి పిక్ క్యామ్ న్యూటన్‌కి నాలుగేళ్లకు మొత్తం కలిపి వచ్చింది సుమారు 2.2 కోట్లు. ఒక్క ఏడాదిలో అంత తేడా! అప్పటి నుంచి ఏ స్థానంలో ఎంపికైతే ఎంత అన్నది దాదాపు ముందే నిర్ణయమై ఉంటుంది. 2020లో కుదిరిన ఇప్పటి ఒప్పందం 2030 సీజన్ దాకా నడుస్తుంది.

అయినా ఈమధ్య కూడా కొందరు ఆగారు కదా అని మీ బావగారు అడగొచ్చు. ఆగారు, కానీ వాళ్లు పోరాడింది కాంట్రాక్టులోని రాతల మీద. 2016లో చార్జర్స్ మూడో పిక్ జోయీ బోసా బోనస్ ఎప్పుడెప్పుడు చేతికివ్వాలన్న దాని మీద, ఒకవేళ జట్టు వదిలేస్తే వేరేచోట వచ్చే జీతాన్ని ఇందులోంచి కోసుకోవచ్చా అన్న దాని మీద ఆగస్టు ఆఖరు దాకా పట్టుబట్టాడు. 2018లో బేర్స్ ఎనిమిదో పిక్ రోక్వాన్ స్మిత్, కొత్త హెల్మెట్ నిబంధన కింద సస్పెండ్ అయితే గ్యారంటీ పోకూడదని ఆగాడు. 2025లో బెంగాల్స్ మొదటి రౌండ్ ఆటగాడు షెమార్ స్టూవర్ట్ గొడవ కూడా గ్యారంటీ ఎప్పుడు రద్దవుతుందన్న వాక్యం మీదే. అదే ఏడాది టెక్సన్స్ 34వ పిక్ జేడెన్ హిగ్గిన్స్‌కి పూర్తి గ్యారంటీ ఇచ్చింది. రెండో రౌండ్లో అలా జరగడం అదే మొదలు. 33వ పిక్‌కి బ్రౌన్స్ కూడా అంతే ఇచ్చింది. దాంతో ఆ రౌండ్లో మిగతా 30 మంది జులై మధ్య దాకా సంతకం పెట్టకుండా ఆగారు. నా దృష్టిలో వాళ్లు ఆగడం న్యాయమే. వాళ్లకు గ్యారంటీ శాతం అన్నది నిజంగా తేలని ప్రశ్న, మాట్లాడుకోవడానికి కోట్ల డాలర్లు ఉన్నాయి.

ఆరో రౌండ్లో అలాంటి ప్రశ్నే ఉండదు. నాలుగేళ్ల కాంట్రాక్టు, ఏటా కనీస జీతం, పైన సైనింగ్ బోనస్. సాధారణంగా ఆ బోనస్ ఒక్కటే గ్యారంటీ. 2022లో 262వ పిక్‌గా, అంటే డ్రాఫ్ట్‌లో అందరికన్నా ఆఖరున ఎంపికైన బ్రాక్ పర్డీకి బోనస్‌గా వచ్చింది సుమారు 77 వేల డాలర్లు. డ్రాఫ్ట్‌లో ఎంపికైన వాళ్ల కాంట్రాక్టును మూడు సీజన్లు ముగిసేదాకా తిరగరాయకూడదు. అందుకే పర్డీ జట్టును సూపర్ బౌల్ ఫైనల్ దాకా తీసుకెళ్లినా అదే జీతానికి ఆడాడు. మూడు సీజన్లు నిండాక, 2025 మేలో, అయిదేళ్లకు 26.5 కోట్ల డాలర్ల కాంట్రాక్టు వచ్చింది. తక్కువ రౌండ్ ఆటగాడికి డబ్బు వచ్చే దారి ఆడి చూపించడమే. మే, జూన్ నెలల్లో ఒక్క ప్రాక్టీస్ వదులుకున్నా ఆ దారికి అడ్డం పడినట్టే. కిక్కర్‌కైతే మరీను. బంతి వెనక్కి విసిరే లాంగ్ స్నాపర్, దాన్ని పట్టుకుని నిలబెట్టే హోల్డర్, తన్నే కిక్కర్, ఈ ముగ్గురి లయ కుదరాలంటే కలిసి వందల సార్లు చేయాలి.

ఇక మీ వారి భయం. డ్రాఫ్ట్‌లో తీసుకున్న జట్టు వారం పది రోజుల్లో మనసు మార్చుకోదు. ఏజెంట్ చదవడానికి కావలసిన సమయం తీసుకోండి. ఒకవేళ క్యాంప్ నాటికి ఏదో వాక్యం దగ్గర చర్చ ఆగిపోయినా, పార్టిసిపేషన్ అగ్రిమెంట్ అనే కాగితం ఒకటుంది. దాని మీద సంతకం చేసి ప్రాక్టీస్‌కి వెళ్లొచ్చు. అక్కడ గాయపడినా, గాయం కాలేదన్నట్టుగానే జట్టు కాంట్రాక్టు ఇవ్వాలి. ఆ కాగితం లేకుండా మాత్రం వాణ్ణి మైదానంలో అడుగు పెట్టనివ్వకండి. జులై ఆఖర్లో మొదలయ్యే ట్రైనింగ్ క్యాంప్‌కి ఇది పనికిరాదు, అప్పటికి అసలు కాంట్రాక్టు ఉండాల్సిందే.

సంతకానికి ముందు ఏజెంట్‌ని తప్పకుండా అడగాల్సింది స్ప్లిట్ గురించి. తక్కువ రౌండ్ కాంట్రాక్టుల్లో, గాయపడి పక్కన ఉంటే జీతం బాగా తగ్గించి ఇస్తామని రాస్తుంటారు. అది మొదటి ఏడాదికే ఉందా, నాలుగేళ్లకూ ఉందా, తీయించగలరా అని అడగండి. బేరానికి కాస్త చోటున్నది ఇక్కడే. ఏజెంట్ ఫీజు కూడా చూసుకోండి. ఆటగాళ్ల సంఘం పెట్టిన హద్దు 3 శాతం. అంతకన్నా తక్కువకు ఒప్పుకునే వాళ్లున్నారు, డబ్బు ఆటగాడి చేతికి వచ్చాకే ఏజెంట్ తన వాటా తీసుకోవాలి.

జీతం అంకె చూసి మురిసిపోయే ముందు ఇంకొకటి. 2026 సీజన్‌కి రూకీ కనీస జీతం 8,85,000 డాలర్లు. అది సీజన్‌లోని 18 వారాల లెక్కన వస్తుంది, వారానికి దాదాపు 49 వేలు, అదీ 53 మంది తుది జట్టులో ఉన్న వారాలకే. క్యాంప్‌కి 90 మందిని తీసుకెళ్లి ఆగస్టు ఆఖరుకి 53కి కుదిస్తారు. తుది జట్టులో చోటు దొరక్క, ప్రాక్టీస్‌కి మాత్రమే ఉంచుకునే ప్రాక్టీస్ స్క్వాడ్‌లో మిగిలితే వారానికి 13 వేల పైచిలుకు. కాబట్టి సంతకం అయిన రోజున ఇల్లు, కారు మాటలు ఇంట్లో ఎవరూ ఎత్తకండి.

ఇప్పుడు శనివారం సాయంత్రం సంగతి. నాలుగు నుంచి ఏడు రౌండ్లు ఆ ఒక్క రోజే జరుగుతాయి. ఏడో రౌండ్ నడుస్తుండగానే ఫోన్లు మొదలవుతాయి. ఎవరూ తీసుకోకపోతే మా దగ్గరికి వస్తావా, బోనస్ ఇంత ఇస్తాం, ఇప్పుడే చెప్పాలి, లేకపోతే జాబితాలో తర్వాతి అబ్బాయికి చేస్తాం అంటారు. ఇది మూడేళ్ల కాంట్రాక్టు, బోనస్ చిన్నదే. కానీ డ్రాఫ్ట్‌లో ఎంపికైన వాడికి లేని స్వేచ్ఛ ఇక్కడ ఉంది. ఏ జట్టో మీవాడే ఎంచుకుంటాడు. ఏడో రౌండ్లో సరిపడని జట్టుకు పోవడం కన్నా ఇది మేలని చాలామంది ఏజెంట్లు అంటారు, కిక్కర్ విషయంలో నేనూ అదే అంటాను. ఒక్కో జట్టుకు కిక్కర్ ఒక్కడే. లీగ్ మొత్తంలో ఆ కుర్చీలు 32.

అందుకని ఇప్పుడే 32 జట్ల పట్టిక ఒకటి వేయండి. ఎవరి కిక్కర్‌కి వయసెంత, కాంట్రాక్టు ఎప్పటిదాకా, పోయిన సీజన్‌లో ఎన్ని కిక్కులు తప్పాడు, క్యాంప్‌కి ఇంకో కిక్కర్‌ని ఇప్పటికే తెచ్చారా, స్టేడియం పైకప్పు ఉన్నదా లేక బఫెలోలాగా చలిగాలి కొట్టే చోటా. ఈ పని మీ బావగారికి అప్పగించండి, ఆయన అనుభవం సరిగ్గా ఇక్కడ పనికొస్తుంది. పట్టికలోంచి మీవాడూ ఏజెంటూ కలిసి ఓ అయిదారు జట్లు వరసగా రాసుకోవాలి. ఫోన్ వచ్చినప్పుడు ఆలోచన అప్పటికే అయిపోయి ఉండాలి. రెండు జట్లు అడిగితే, బోనస్‌లో రెండు మూడు వేల తేడా చూడకండి. జీతంలో ఎంత భాగానికి గ్యారంటీ ఇస్తున్నారో చూడండి. డబ్బు కట్టేసిన వాణ్ణి జట్టు అంత తేలిగ్గా వదలదు. మినీ క్యాంప్‌కి ట్రైఅవుట్‌కి (ఆడి చూపించే పరీక్షకి) రమ్మంటే అది కాంట్రాక్టు కాదని కూడా గుర్తుంచుకోండి. వేరే దారి లేనప్పుడు మాత్రం తప్పకుండా వెళ్లాలి.

పేరు రాలేదని ఇంట్లో దిగులు పడనక్కర్లేదు. 2016లో కిక్కర్ రొబెర్టో అగ్వాయోని బకనీర్స్ ఏకంగా రెండో రౌండ్లో తీసుకుంది, మరుసటి ఆగస్టులోనే వదిలేసింది. యంగ్‌హే కూ 2017లో డ్రాఫ్ట్ కాకుండా చార్జర్స్‌లో చేరాడు, నాలుగు ఆటలకే బయటపడ్డాడు, తర్వాత అట్లాంటా ఫాల్కన్స్‌లో చేరి, లీగ్‌లోని మేటి ఆటగాళ్లకు దక్కే ప్రో బౌల్‌కి ఎంపికయ్యాడు. మీ ఊరి కౌబాయ్స్ కిక్కర్ బ్రాండన్ ఆబ్రీ కూడా సాకర్ నుంచి వచ్చినవాడే. కొన్నాళ్లు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌గా ఉద్యోగం చేశాడు. ఇరవై ఎనిమిదేళ్ల వయసులో, 2023లో, ఎన్ఎఫ్ఎల్‌లో అడుగుపెట్టి మొదటి 35 ఫీల్డ్ గోల్స్ (గోల్ స్తంభాల మధ్యకి తన్నే కిక్కులు) వరసగా కొట్టి రికార్డు పెట్టాడు.

మీరు టెక్సస్‌లో ఉన్నారు కాబట్టి పన్ను మాట. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, కాలిఫోర్నియాలో పై స్లాబు 13.3 శాతం. ఆడితేనే ఇస్తామన్న షరతు లేని సైనింగ్ బోనస్ సాధారణంగా ఆటగాడు నివాసిగా ఉన్న రాష్ట్రం లెక్కలోకి వెళ్తుంది. అందుకని సంతకం చేసి బోనస్ చేతికి వచ్చేదాకా వాడి చిరునామా, డ్రైవింగ్ లైసెన్స్ మార్చకుండా, ఆటగాళ్ల పన్నులు చూసే సీపీఏ (లైసెన్స్ ఉన్న అకౌంటెంట్) ఒకరిని ముందే కలవండి. ఇంట్లో అందరి పన్నులూ చూసే ఆయన ఎంత మంచివారైనా దీనికి సరిపోకపోవచ్చు.

మిగిలిన రెండు కోర్సుల కోసం సంతకం ఆపనక్కర్లేదు. అలాగని వాటిని వదిలేయనూ వద్దు. మే నుంచి జూన్ మధ్య దాకా వాడికి ఊపిరాడదు, ఆగస్టు నుంచి జనవరి దాకా అసలే కుదరదు. జనవరి నుంచి ఏప్రిల్ మధ్య దాకా మాత్రం చేతిలో సమయం ఉంటుంది. ఆ రెండు కోర్సులు వచ్చే స్ప్రింగ్ సెమిస్టర్‌లో ఆన్‌లైన్‌లో దొరుకుతాయా, మధ్యలో విరామం తీసుకుంటే సీటు నిలుస్తుందా అన్నది రిజిస్ట్రార్ ఆఫీసులో డ్రాఫ్ట్‌కి ముందే కనుక్కుని, జవాబు ఈమెయిల్‌లో రాయించుకోండి.