చక్రం దిగలేదా, దిగినట్టు కనిపించట్లేదా?

ప్రశ్న: పైలట్ శిక్షణకు సిద్ధమవుతున్నాను. ఏవియేషన్ ఇంగ్లిష్ మాక్ టెస్టులో ముందు చక్రం పక్కకు తిరిగిపోయిన విమానం ఫొటో చూపించి, ఏం జరిగిందో చెప్పమన్నారు. ‘ల్యాండింగ్ గేర్ ప్రాబ్లమ్’ అన్నాక ఇక మాట రాలేదు. పదాల లిస్టు రోజూ బట్టీ పడుతున్నాను కానీ, మాట్లాడేటప్పుడు టెన్షన్‌కి ఒక్కటీ గుర్తుకు రాదు. ఈ ఇంగ్లిష్‌తో నేను ఈ రంగంలోకి రావచ్చా?

సమాధానం: తప్పకుండా రావచ్చు. ముందు ఒక పని చేయండి. అదే ఫొటో గురించి తెలుగులో ఒక నిమిషం ఆగకుండా చెప్పి చూడండి. ‘చక్రం పాడైంది’ దగ్గరే ఆగిపోయారంటే మీకు తక్కువైంది ఫొటోలో ఏం చూడాలన్న అలవాటు. అది వస్తే ఇంగ్లిష్ దాని వెనకే వస్తుంది.

పరీక్షలో ఏం కొలుస్తారో తెలిస్తే సగం భయం పోతుంది. ఐకావో అని పిలిచే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2003లో భాషా నిబంధనలు తెచ్చింది. అవి 2008 నుంచి అంతర్జాతీయ విమానాలు నడిపే పైలట్లకూ, నేల మీద నుంచి వాళ్లకు దారి చూపుతూ మాట్లాడే కంట్రోలర్లకూ వర్తిస్తున్నాయి. పరీక్షించేది వినడం, మాట్లాడడం మాత్రమే. ఉచ్చారణ, వాక్య నిర్మాణం, పదసంపద, ధారాళత, అర్థం చేసుకోవడం, సంభాషణ అనే ఆరింటికీ విడివిడిగా స్థాయి ఇస్తారు. వాటిలో అన్నిటికన్నా తక్కువ వచ్చిందే మీ స్థాయి. కనీసం నాలుగు రావాలి. ఆ నాలుగో స్థాయి వివరణలోనే, అనుకోని పరిస్థితిలో సరైన పదం తట్టకపోతే ఇంకో రకంగా చెప్పగలిగితే చాలని ఉంది. మాతృభాష యాస ఉన్నా ఫర్వాలేదు, అది అర్థం కావడానికి తరచూ అడ్డు రాకూడదు, అంతే. ‘రిట్రాక్ట్’ అన్న మాట మర్చిపోతే ‘ది వీల్స్ డిడ్ నాట్ గో ఇన్‌సైడ్’ అనండి. నా దృష్టిలో అది మంచి సమాధానం.

ఇక అసలు విషయానికి వస్తాను. ల్యాండింగ్ గేర్ అంటే విమానం చక్రాల అమరిక. దాని సమస్యల్లో కాక్‌పిట్‌లో ఉన్నవాళ్లకు చక్రం సాధారణంగా కనపడదు, లైటు కనపడుతుంది. చాలా విమానాల్లో మూడు ఆకుపచ్చ లైట్లు వెలిగితే మూడు చక్రాలూ దిగి లాక్ అయినట్టు. ఒకటి వెలగలేదనుకోండి. చక్రం దిగలేదా, దిగి లాక్ కాలేదా, అసలు బల్బే పోయిందా? అప్పటికి తెలియదు. అందుకే పైలట్ ‘లెఫ్ట్ గేర్ ఈజ్ నాట్ డౌన్’ అని తేల్చేయకుండా, ‘అన్‌సేఫ్ లెఫ్ట్ గేర్ ఇండికేషన్’ అని తెలిసినంతే చెప్పి, లో పాస్ అడుగుతాడు. విమానం కంట్రోలర్లుండే టవర్ పక్కగా తక్కువ ఎత్తులో వెళ్తుంది. కింది నుంచి చూసిన కంట్రోలర్ కూడా ‘ల్యాండింగ్ గేర్ అపియర్స్ డౌన్’ అంటాడు. దిగింది అనడు, దిగినట్టు కనిపిస్తోంది అంటాడు. లాక్ అయిందో లేదో కింది నుంచి తెలియదు కదా. ఈ తేడా మనకు కొత్త కాదు. ‘వచ్చాడు’, ‘వచ్చినట్టున్నాడు’ అని రోజూ విడివిడిగా అంటూనే ఉంటాం. ఆ ‘అట్టు’ని ఇంగ్లిష్‌లోకి తీసుకెళ్తే చాలు.

2005లో అమెరికాలో జెట్‌బ్లూ సంస్థ 292 నంబరు విమానం టేకాఫ్ అయ్యాక ముందు చక్రం లోపలికి ముడుచుకోలేదు. అది 90 డిగ్రీలు పక్కకు తిరిగి ఉందని లాంగ్ బీచ్ టవర్ పక్కగా లో పాస్ చేశాకే తేలింది. ఇంధనం తగ్గేదాకా గంటలు గాల్లో తిరిగి లాస్ ఏంజిలిస్‌లో దిగారు, ఎవరికీ గాయాలు కాలేదు. 1972లో అమెరికాలోనే మియామి దగ్గర కూలిన ఈస్టర్న్ సంస్థ 401 నంబరు విమానం కథ వేరు. ముందు చక్రం లైటు వెలగకపోవడంతో సిబ్బంది దృష్టంతా దాని మీదే పడింది. ఆటోపైలట్ 2,000 అడుగుల ఎత్తును నిలపడం మానేసిన సంగతి గమనించలేదు. కంట్రోలర్‌కు రాడార్‌లో 900 అడుగులు కనిపించినా, అక్కడ సంగతులెలా ఉన్నాయని అడిగాడే తప్ప ఎత్తెంత అని అడగలేదు. 176 మందిలో 101 మంది పోయారు. చక్రం నిజానికి దిగే ఉంది, కాలిపోయింది బల్బులు. ఆ కంట్రోలర్ ప్రశ్న గుర్తొచ్చినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది. అస్పష్టమైన ఒక్క మాట ఎంత దూరం తీసుకెళ్తుందో మా విద్యార్థులకు ఈ ఉదాహరణతోనే చెబుతాను.

పదాల విషయానికొస్తే, లిస్టు పక్కన పెట్టి కొన్నిటినే గట్టిగా పట్టుకోండి. ‘స్టక్’ అంటే మధ్యలో ఇరుక్కుని కదలనిది. ‘కొలాప్స్’ అంటే దిగి, బరువు పడ్డాక కూలిపోయినది. ఈ రెంటినీ కలిపేస్తే రన్‌వే పక్కన సిద్ధంగా ఉన్న ఫైర్ సిబ్బందికి వేరే బొమ్మ కనపడుతుంది. కాలాలూ అంతే ముఖ్యం. ‘హ్యాజ్ కొలాప్స్‌డ్’ జరిగిపోయింది, ‘మే కొలాప్స్’ జరగవచ్చు. మన పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే, అయినా కోచింగుల్లో దీని మీద పెట్టే సమయం చాలా తక్కువ.

ఇంకొక చిన్న విషయం, ఫొటోల్లో చాలామంది పొరబడతారు. ఎడమ, కుడి అనేవి విమానానివి, మీవి కావు. విమానాన్ని ఎదురుగా తీసిన ఫొటోలో దాని ఎడమ చక్రం మీ కుడివైపు ఉంటుంది. నోరు తెరిచే ముందు పైలట్ సీట్లో కూర్చున్నట్టు ఊహించుకోండి.

రేడియోలో చెప్పే పద్ధతికి ఒక వరస ఉంది: ప్రమాద స్థితి అయితే మూడుసార్లు మేడే, అంత తీవ్రం కాని అత్యవసరమైతే మూడుసార్లు ప్యాన్ ప్యాన్, తర్వాత కాల్ సైన్ (రేడియోలో విమానాన్ని పిలిచే పేరు), సమస్య, ఏం చేయదలిచారు, ఎక్కడ ఎంత ఎత్తులో ఉన్నారు. అది శిక్షణలో నేర్పుతారు, ఇప్పుడే బెంగ వద్దు.

రోజుకి ఒక ఫొటో తీసుకుని, ఒకటిన్నర నిమిషం మాట్లాడి ఫోన్‌లో రికార్డు చేయండి. వినేటప్పుడు ప్రతి వాక్యాన్నీ ‘ఇది నేను చూసిందా, ఊహించిందా’ అని అడగండి. ఊహించిందైతే ‘అపియర్స్’ గానీ ‘మే’ గానీ చేర్చి మళ్లీ చెప్పండి. మీ మాక్ టెస్టు ఫొటోకి నేనైతే ఇలా మొదలుపెడతాను: ‘ది నోస్ వీల్ ఈజ్ టర్న్‌డ్ సైడ్‌వేస్. ది మెయిన్ వీల్స్ అపియర్ డౌన్. ది నోస్ గేర్ మే కొలాప్స్ ఆన్ ల్యాండింగ్.’ ఇందులో మీకు తెలియని మాట ఒక్కటీ లేదు. నాలుగో వాక్యం నుంచి మీరు అందుకోండి.