జెంటూలో క్యూటీ వెబ్‌ఇంజిన్ బిల్డ్ ప్రతిసారీ మధ్యలో ఆగిపోతుంటే

మీరు చెప్పిన వివరాలు: జెంటూ (ప్యాకేజీలను సోర్స్ కోడ్ నుంచి మన మెషీన్లోనే కట్టుకునే లినక్స్), 16 థ్రెడ్ల ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, బిల్డ్ సెట్టింగ్‌ల ఫైలు మేక్.కాన్ఫ్‌లో మేక్ఆప్ట్స్="-జె16" (ఒకేసారి 16 కంపైల్ జాబ్‌లు), వరల్డ్ అప్‌డేట్ (మొత్తం సిస్టమ్ అప్‌డేట్) క్యూటీ వెబ్‌ఇంజిన్ (యాప్‌లలో వెబ్ పేజీలు చూపించే లైబ్రరీ) దగ్గర ఆగిపోతోంది, ఒక్కోసారి ఒక్కో ఫైలు దగ్గర. కంపైలర్ ఆప్టిమైజేషన్ ఫ్లాగ్ -ఓ3 తీసి -ఓ2 పెట్టినా తేడా రాలేదు. తేడా రాకపోవడంలో ఆశ్చర్యం లేదు, ఇక్కడ తప్పు ఫ్లాగ్‌లది కాకపోవచ్చు. అంకెలు చూస్తే ర్యామ్ చాలడం లేదనే అనుమానం వస్తుంది. అయితే అనుమానంతో సెట్టింగ్‌లు మార్చుకుంటూ పోవద్దు, ముందు లాగ్ చూడండి. (కమాండ్లు తెలుగు లిపిలో రాస్తున్నాను. టెర్మినల్‌లో ఇంగ్లిష్‌లోనే కొట్టాలి.)

ఎమర్జ్ (ప్యాకేజీలు కట్టి ఇన్‌స్టాల్ చేసే కమాండ్) చివర్లో చూపించే ఎర్ర అక్షరాలను పట్టించుకోకండి. అవి 'కంపైల్ ఫేజ్ ఫెయిల్ అయింది' అని మాత్రమే చెబుతాయి, ఎందుకో చెప్పవు. అసలు కారణం /వార్/టీఎంపీ/పోర్టేజ్ కింద ఆ ప్యాకేజీ డైరెక్టరీలో టెంప్/బిల్డ్.లాగ్ ఫైల్లో ఉంటుంది. 16 జాబ్‌లు ఒకేసారి నడుస్తున్నప్పుడు ఒకటి పడిపోయినా మిగతావి కాసేపు రాస్తూనే ఉంటాయి. కాబట్టి కింది నుంచి కాదు, పై నుంచి మొదటి ఎర్రర్ వెతకాలి. 'ఎర్రర్:' అని, 'ఫెయిల్డ్:' అని గ్రెప్ -ఎన్ (ఫైల్లో మాట వెతికే కమాండ్) కొడితే లైను నంబరుతో సహా దొరుకుతుంది.

అక్కడ మూడు రకాల్లో ఒకటి కనబడుతుంది.

మొదటిది 'కిల్డ్ సిగ్నల్ టెర్మినేటెడ్ ప్రోగ్రామ్ సీసీ1ప్లస్' అన్న లైను, లేదా లింకింగ్ దగ్గర 'ఎల్‌డీ టెర్మినేటెడ్ విత్ సిగ్నల్ 9'. కంపైలర్ (సీసీ1ప్లస్) లేదా లింకర్ (ఎల్‌డీ) తనంతట తాను పడిపోలేదు, కెర్నెల్ దాన్ని చంపింది. డీమెసేజ్ (కెర్నెల్ సందేశాలు చూపించే కమాండ్, స్పెల్లింగ్ డీ-ఎం-ఈ-ఎస్-జీ) కొట్టి 'అవుట్ ఆఫ్ మెమరీ' కోసం చూడండి, అదే సమయానికి సీసీ1ప్లస్ పేరు కనబడితే ఇక సందేహం లేదు.

రెండోది 'ఇంటర్నల్ కంపైలర్ ఎర్రర్: సెగ్మెంటేషన్ ఫాల్ట్', కింద 'ఈ బగ్ మళ్ళీ రావడం లేదు, హార్డ్‌వేర్ సమస్య కావచ్చు' అన్న అర్థంలో జీసీసీ కంపైలరే రాసే వాక్యం. దాన్ని నమ్మండి. బయోస్‌లో ర్యామ్‌కు ఎక్స్‌ఎంపీ ప్రొఫైల్ (ర్యామ్‌ను ఎక్కువ వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే ఆపి, ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86+ను రాత్రంతా నడపండి, ప్రాసెసర్ వేడి కూడా చూడండి. మామూలు వాడకంలో ఏ లోపమూ చూపించని ర్యామ్ గంటల తరబడి సాగే కంపైలేషన్‌లో బయటపడుతుంది.

మూడోది ఎన్నిసార్లు నడిపినా అదే ఫైల్లో అదే లైను దగ్గర మామూలు ఎర్రర్. అది ర్యామ్ సమస్య కాదు, హార్డ్‌వేర్ సమస్యా కాదు. యూజ్ ఫ్లాగ్ (ప్యాకేజీలో ఏ సదుపాయాలు ఉండాలో చెప్పే సెట్టింగ్) పొరపాటో, పాత కోడ్ కొత్త కంపైలర్‌తో పడకపోవడమో. 2024లో వచ్చిన జీసీసీ 14, డిక్లేర్ చేయని ఫంక్షన్‌ను పిలవడం లాంటి వాటిని వార్నింగ్ నుంచి ఎర్రర్‌కు మార్చింది, దాంతో చాలా పాత సీ ప్యాకేజీలు ఆగిపోయాయి. అలాంటప్పుడు జెంటూ బగ్జిల్లాలో (బగ్‌లు నమోదు చేసే సైటు) ప్యాచ్ దొరికితే /ఈటీసీ/పోర్టేజ్/ప్యాచెస్ కింద కేటగిరీ, ప్యాకేజీ పేర్లతో డైరెక్టరీ చేసి అందులో పడేస్తే చాలు, ఈబిల్డ్ (ప్యాకేజీని ఎలా కట్టాలో చెప్పే స్క్రిప్టు) ముట్టుకోనక్కర్లేదు.

మీకు ఒక్కోసారి ఒక్కో ఫైలు దగ్గర ఆగుతోంది కాబట్టి మూడోదాన్ని పక్కన పెట్టవచ్చు. డీమెసేజ్‌లో ఆ లైను ఉంటే మొదటిదే.

ఇప్పుడు లెక్క. జెంటూ హ్యాండ్‌బుక్ సూచించేది ఒక్కో జాబ్‌కు కనీసం 2 జీబీ ర్యామ్. 16 జీబీకి 8 జాబ్‌లు, అదీ బ్రౌజరూ డెస్క్‌టాప్ ఏమీ తినకపోతే. -ఎల్8 అని లోడ్ పరిమితి పెట్టుకుంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. అది ప్రాసెసర్ లోడ్‌నే చూస్తుంది, మెమరీని చూడదు. ఇంకో ఉచ్చు ఎమర్జ్_డిఫాల్ట్_ఆప్ట్స్‌లోని --జాబ్స్. అక్కడ 3 ఉండి మేక్ఆప్ట్స్‌లో 16 ఉంటే, మూడు ప్యాకేజీలు కలిసి 48 కంపైలర్ల వరకు లేస్తాయి.

అందుకని మేక్.కాన్ఫ్‌లో -జె8 పెట్టండి. క్యూటీ వెబ్‌ఇంజిన్‌లో క్రోమ్ బ్రౌజర్‌కు ఆధారమైన క్రోమియం కోడ్ ఉంటుంది, దానికి 8 కూడా ఎక్కువే కావచ్చు. మొత్తం సిస్టమ్‌ను నెమ్మది చేయకుండా ఆ ఒక్కదానికే తగ్గించే పద్ధతి ఇది: /ఈటీసీ/పోర్టేజ్/ఎన్వ్ డైరెక్టరీలో తక్కువమెమరీ.కాన్ఫ్ లాంటి ఏదో పేరుతో ఫైలు చేసి అందులో మేక్ఆప్ట్స్="-జె4" అని రాయండి. తర్వాత /ఈటీసీ/పోర్టేజ్/ప్యాకేజ్.ఎన్వ్‌లో ఒక లైను: డెవ్-క్యూటీ/క్యూటీవెబ్‌ఇంజిన్, ఖాళీ, ఆ ఫైలు పేరు. ఇది నింజా అనే బిల్డ్ టూల్‌తో కట్టే ప్యాకేజీ. మామూలుగా నింజా జాబ్‌ల సంఖ్యను మేక్ఆప్ట్స్ నుంచే తీసుకుంటుంది. మీరు ఎప్పుడో నింజాఆప్ట్స్ విడిగా పెట్టి ఉంటే మాత్రం అదే చెల్లుతుంది, -జె4 రాసినా ఫలితం కనబడదు. ఎన్వ్ ఫైలుతో --జాబ్స్‌ను మార్చలేరు, దాన్ని కమాండ్ లైనులోనే --జాబ్స్=1 అని ఇవ్వాలి.

ఇదే ప్యాకేజీకి జంబో-బిల్డ్ అనే యూజ్ ఫ్లాగ్ ఉంది. చాలా సోర్స్ ఫైళ్ళను కలిపి ఒకేసారి కంపైల్ చేస్తుంది కాబట్టి సమయం తగ్గుతుంది, ఒక్కో జాబ్ తినే మెమరీ పెరుగుతుంది. -జె4తోనూ ఆగితే -జంబో-బిల్డ్ (ముందు మైనస్ అంటే ఆపమని) పెట్టండి, ఎక్కువసేపు పడుతుంది కానీ పూర్తవుతుంది. మీ ఫ్లాగ్‌లలో -ఎఫ్‌ఎల్‌టీఓ (లింకింగ్ సమయంలో ఆప్టిమైజ్ చేసే ఫ్లాగ్) ఉందా? ఉంటే ఆ ఎన్వ్ ఫైల్లోనే ఈ ప్యాకేజీకి తీసేయండి, లింకింగ్ దగ్గర బాగా మెమరీ లాగేది అదే.

/వార్/టీఎంపీ/పోర్టేజ్‌ను టీఎంపీఎఫ్‌ఎస్ మీద పెట్టుకున్నారేమో కూడా చూడండి (ఎస్‌ఎస్‌డీ అరిగిపోతుందని చాలామంది ఇలా చేస్తారు). టీఎంపీఎఫ్‌ఎస్ అంటే ర్యామే. సైజు చెప్పకపోతే సగం ర్యామ్ వరకు, మీ మెషీన్లో 8 జీబీ, తీసుకోగలదు. అప్పుడు కంపైలర్లకు మిగిలేది 8 జీబీ. లేదా ముందుగా 'నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్' అని ఆగుతుంది. /వార్/టీఎంపీ/నోటీఎంపీఎఫ్‌ఎస్ అని డిస్క్ మీద డైరెక్టరీ చేసి, దాని ఓనర్‌ను పోర్టేజ్:పోర్టేజ్‌గా, పర్మిషన్ 775గా పెట్టి, అదే ఎన్వ్ ఫైల్లో పోర్టేజ్_టీఎంపీడీఐఆర్‌ను అక్కడికి చూపించండి.

స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు డిస్క్ మీద వాడుకునే చోటు) ఏమీ లేకపోతే 8 జీబీ స్వాప్ ఫైలు వేసుకోండి. జాబ్‌లు తగ్గించకుండా స్వాప్‌నే నమ్ముకుంటే మాత్రం మెషీన్ గంటల తరబడి మెలికలు తిరుగుతుంది.

ఇవన్నీ పెట్టాక ఎమర్జ్ --రెజ్యూమ్ --జాబ్స్=1 చాలు, ముందే పూర్తయిన ప్యాకేజీలు మళ్ళీ కట్టదు. ఆగిపోయిన క్యూటీ వెబ్‌ఇంజిన్ మాత్రం మొదటి నుంచి మొదలవుతుంది. యూజ్ ఫ్లాగ్ మార్చి ఉంటే రెజ్యూమ్ వద్దు, వరల్డ్ అప్‌డేట్‌నే --న్యూయూజ్‌తో మళ్ళీ నడపండి.

ఇంత కష్టం వద్దనుకుంటే 2023 డిసెంబరు చివర్లో జెంటూ అధికారికంగా మొదలుపెట్టిన బైనరీ ప్యాకేజీలు (ముందే కట్టి ఉంచినవి) ఉన్నాయి. ఎమర్జ్ --వన్‌షాట్ --గెట్‌బిన్‌పీకేజీ అని ఈ ఒక్కదాన్నీ తెచ్చుకోవచ్చు. --బిన్‌పీకేజీ-రెస్పెక్ట్-యూజ్=వై కూడా ఇస్తే మీ యూజ్ ఫ్లాగ్‌లకు సరిపోయే బైనరీ ఉంటేనే తీసుకుంటుంది, లేకపోతే సోర్స్ నుంచే కడుతుంది. కాబట్టి ముందు --ప్రిటెండ్‌తో చూసుకోండి. మిగతా సిస్టమ్ సోర్స్ నుంచి కట్టుకుని, ఇలాంటి బరువైన రెండు మూడింటికి బైనరీ వాడటంలో తప్పేమీ లేదు. -మార్చ్=నేటివ్‌తో (మీ ప్రాసెసర్‌కు తగ్గట్టు కట్టమనే ఫ్లాగ్) వెబ్‌ఇంజిన్‌కు వచ్చే లాభం కంటితో పోల్చుకోలేరు.

అప్పటికీ ఆగితే మూడు ఇక్కడ పెట్టండి: ఎమర్జ్ --ఇన్ఫో ఫలితం, అదే ప్యాకేజీకి ఎమర్జ్ -పీక్యూవీ ఫలితం, బిల్డ్.లాగ్‌లో మొదటి ఎర్రర్‌కు పైన ఓ 30 లైన్లు. స్క్రీన్ ఫోటో వద్దు, అందులో అసలు లైను ఉండదు.