గోడ ఎక్కే ముందు వీధిలో చదువు

విజయనగరం

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన కాగితాలు అందాయమ్మా. పెద్దచెరువు వైపు వీధుల్లో మీవాళ్ళు బొమ్మలు వేయబోయే పన్నెండు గోడలకి నువ్వు రాసిన మాటలు శ్రద్ధగా చదివాను. కాలేజీ పిల్లలూ, సైన్‌బోర్డు ఆర్టిస్టులూ, జముకు వాయిస్తూ జముకుల కథ చెప్పేవాళ్ళూ కలిసి ఊరి చరిత్రని ఊరి గోడల మీదకి తేవాలనుకోవడం నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. "మాస్టారూ, మొహమాటపడకుండా చెప్పండి" అన్నావు కాబట్టి అలాగే చెబుతాను.

ముందు మొదటి గోడ సంగతి. బొబ్బిలి యుద్ధం. "చరిత్ర పుటల్లో సువర్ణాక్షరాలతో లిఖించదగ్గ వీరగాథ" అని మొదలుపెట్టావు. ఈ వాక్యం బొబ్బిలికీ సరిపోతుంది, పల్నాటికీ సరిపోతుంది. ఎక్కడైనా అతికే మాట మన గోడకి ఎందుకు? తీసెయ్. జరిగింది రాయి. 1757 జనవరి 24న విజయనగరం రాజు పెద విజయరామరాజు, ఫ్రెంచి సేనాని బుస్సీ కలిసి బొబ్బిలి కోట మీద పడ్డారు. లోపల ఉన్న బొబ్బిలి రాజు రంగారాయుడూ ఆయన మనుషులూ లొంగలేదు. ఆడవాళ్ళూ పిల్లలూ శత్రువు చేతికి చిక్కకూడదని తమవాళ్ళ ప్రాణాలు తామే తీశారు. కొద్ది రోజులకే బొబ్బిలి సేనాని తాండ్ర పాపారాయుడు రాత్రివేళ విజయరామరాజు డేరాలోకి జొరబడి ఆయన్ని చంపాడు. ఇంతే రాయి. సంతకి పోయేవాడు కూడా సైకిలు ఆపి చదువుతాడు.

అసలు చిక్కు ఆ తరవాత ఉంది. ఇదే కథ బొబ్బిలిలో చెబితే పాపారాయుడి దగ్గరికి వచ్చేసరికి గొంతు పైకి లేస్తుంది. విజయనగరంలో చెబితే పైడితల్లి దగ్గరికి వెళ్ళి ఆగుతుంది. విజయరామరాజు చెల్లెలు పైడిమాంబ అన్న చావు తెలిసి పెద్దచెరువులో దూకిందనీ, ఆవిడే ఈ ఊరి ఇలవేల్పు అయిందనీ ఇక్కడివాళ్ళు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. నువ్వు రెండింటినీ కలిపి ఒకే పేరాలో రాసేశావు. ముట్టడి తేదీని ఎంత ధీమాగా చెప్పావో, చెరువులో దూకిన సంగతీ అంతే ధీమాగా చెప్పావు. అలా వద్దమ్మా. కాగితాల్లో ఉన్నదాన్ని తేదీతో రాయి. జనం చెప్పుకునేదాన్ని "విజయనగరంలో ఇలా చెబుతారు" అని రాయి. దాని పక్కనే, అంతే సైజు అక్షరాలతో, "బొబ్బిలిలో ఇలా చెబుతారు" అని రాయి. అమ్మవారిని తక్కువ చేసినట్టు అవుతుందేమో అని టెన్షన్ పడకు. చెప్పేవాళ్ళ మాటగా రాస్తే చెప్పేవాళ్ళకీ గౌరవమే, అమ్మవారికీ గౌరవమే. ఎవరిది తప్పు, ఎవరు వీరులు అని తీర్పు రాయడానికి మాత్రం పూనుకోకు. ఈ కథని తమ కులం సొత్తుగా చూసుకునేవాళ్ళు రెండు ఊళ్ళలోనూ ఉన్నారు. నీ తీర్పు ఎటు మొగ్గినా ఆ గోడ వారం తిరక్కుండా కొట్లాటకి కారణమవుతుంది. పిల్లలు పడిన కష్టమంతా నీళ్ళపాలు.

మూడో గోడ మీద ఒక పొరపాటు ఉంది, వెంటనే దిద్దు. 1757లో డేరాలో చనిపోయింది పెద విజయరామరాజు. 1794 జూలై 10న పద్మనాభం దగ్గర ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి చనిపోయింది చిన విజయరామరాజు. ఇద్దరినీ నువ్వు ఒక్కరిని చేశావు.

ఇప్పుడు నేను గట్టిగా అడుగుతున్న విషయం. గోడ ఎక్కే ప్రతి మాటనీ ముందు ఆ వీధిలో చదివి వినిపించు. పెద్ద చార్టు కాగితం మీద స్కెచ్ పెన్నుతో రాసి, ఏ గోడ మీద వెయ్యాలో ఆ గోడకే అంటించు. సాయంత్రం పనులనుంచి వచ్చాక, ఎవరి ఇంటి అరుగు మీదో కూర్చుని నువ్వే పైకి చదువు. చదువు రానివాళ్ళకీ ఆ గోడ మీద హక్కుంది కదా. "బాగుంది" అంటారు, దాన్ని లెక్కలోకి తీసుకోకు. ఎవరైనా ముఖం చిట్లించినా, మధ్యలో లేచి వెళ్ళిపోయినా ఆ మనిషిని మర్నాడు వెళ్ళి కలువు. పని అక్కడ మొదలవుతుంది.

ఒకచోట నేను కళ్ళారా చూసింది చెబుతాను. గజపతినగరం వైపు ఒక పల్లెలో బడి గోడ మీద, తప్పెట వాయిస్తూ ఎగిరి ఆడే తప్పెటగుళ్ళ బొమ్మ వేస్తున్నారు. ఆర్టిస్టు కుర్రాడు మంచి చెయ్యి ఉన్నవాడే, రంగులు బ్రహ్మాండంగా కుదిరాయి. కానీ తప్పెటని నడుం దగ్గర వేశాడు. ఎన్నో ఏళ్ళు ఆడి మానేసిన ముసలాయన ఒకాయన అటుగా పోతూ ఆగాడు. "నడుం కాడ కట్టుకుంటే ఎగరడమెలాగవుతాది నాయినా?" అని ఇంటికి వెళ్ళి, అటక మీంచి తన తప్పెట దింపించి తెచ్చాడు. రేకు తుప్పు పట్టి ఉంది. దాన్ని మెడలో వేసుకుని గుండెల మీదకి సర్దుకుని, రెండు చేతులూ దాని మీద పెట్టి, మోకాళ్ళు కొంచెం వంచి గోడ పక్కన నిలబడ్డాడు. కుర్రాడు మారు మాట్లాడకుండా తెల్ల రంగు కొట్టి మళ్ళీ గీశాడు. చుట్టూ చేరిన పిల్లలకి ఆ ముసలాయన అడుగులు కూడా చూపించాడు. బొమ్మ పూర్తయ్యాక దాని కింద ఏ మాటా రాయలేదు, రాయాల్సిన అవసరం కూడా కనిపించలేదు. నీ పన్నెండు గోడల్లో అలాంటివి ఒకటో రెండో ఉంటే, అక్కడ నీ రాత మానేసుకునే ధైర్యం తెచ్చుకో.

మనుషుల్ని కదిలించడం ఎలా అని అడిగావు. "మీ ఊరి చరిత్ర చెప్పండి" అని మాత్రం అడగకు. "మాకేటి తెలుసమ్మా, సదువుకున్నోళ్ళు మీకే తెలాల" అనేసి లోపలికి వెళ్ళిపోతారు. చెరువు గురించి అడుగు. ఏ గట్టు మీద ఎవరు బట్టలు ఉతికేవారు, ఏ ఏడాది నిండి పొర్లింది, ఎండితే నీళ్ళకి ఎటు వెళ్ళేవారు? ట్రంకు పెట్టెలో పాత ఫోటోలు ఉన్నాయేమో అడుగు. ఈ తీరం నుంచి బర్మా వెళ్ళి సంపాదించుకున్నవాళ్ళు, 1942లో జపాను దాడి చేస్తే కొండలూ అడవులూ దాటి నడిచి వచ్చినవాళ్ళు చాలా కుటుంబాల్లో ఉన్నారు. ఆ తాతల ఫోటో ఒక్కటి బయటికి వస్తే ఇంటిల్లిపాదీ మాట్లాడతారు. వాళ్ళు అన్న మాటని వాళ్ళ యాసలోనే గోడ మీద పెట్టు. దాన్ని దిద్ది పుస్తకం భాషలోకి మార్చకు. 1892లోనే వాడుకభాషలో కన్యాశుల్కం ఆడిన ఊరు మనది. ఇక్కడ యాసకి సిగ్గుపడాల్సిన పని లేదు.

పాత కాగితాలు వెతికేటప్పుడు ఒకటి గుర్తుంచుకో. విజయనగరం జిల్లా ఏర్పడింది 1979 జూన్ 1న. అంతకుముందు విజయనగరం పట్నం విశాఖ జిల్లాలో ఉండేది, బొబ్బిలి శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. శ్రీకాకుళం జిల్లా కూడా 1950లో వచ్చిందే. ఇంకా వెనక్కి వెళితే శ్రీకాకుళాన్ని చికాకోల్ పేరుతో గంజాం జిల్లా కింద వెతకాలి. ఇది తెలియక చాలామంది "రికార్డుల్లో మన ఊరు లేదు" అని తిరిగి వచ్చేస్తారు.

ఇంకో మాట, ఇది కొంచెం బాధగానే చెబుతున్నాను. నీ పన్నెండు గోడల్లో తొమ్మిది కోటలకీ రాజులకీ వెళ్ళిపోయాయి. బొబ్బిలినీ విజయనగరాన్నీ యుద్ధం ఒక్కటే కలిపినట్టు ఉంది నీ వరస. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో పనస దుంగ తొలిచి వీణ చేస్తారు. మొత్తం ఒకే దుంగలోంచి వచ్చిన వీణని ఏకాండి వీణ అంటారు. ఇక్కడ మన సంగీత కళాశాల 1919లో మొదలైంది, ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాల్, ఘంటసాల అక్కడ చదువుకున్నారు. వీణ చెక్కేవాళ్ళ ఊరికీ సంగీతం నేర్పే ఊరికీ మధ్య ఒక గోడ పెట్టలేవా? పెడితే మొదటి గోడ బరువు కూడా కొంత తగ్గుతుంది. నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసినవాళ్ళకి ఒక గోడ కావాలి. పొందూరు శ్రీకాకుళం జిల్లాలోదే అయినా, వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని ఏకే ఆ ఆడవాళ్ళ చేతులు ఏ గోడ మీదైనా ఉండదగ్గవి. ఆ దవడకి దగ్గరదగ్గరగా సన్నటి పళ్ళుంటాయి, వాటి మీద పత్తిని దువ్వితే చెత్త విడిపోయి పోగు మెత్తబడుతుంది. ఆర్టిస్టుని అక్కడికి తీసుకెళ్ళి చూపించు, ఫోన్‌లో ఫోటో చూసి వేయించకు.

పైడితల్లి పండగలో పూజారిని పొడవాటి మాను చివర కూర్చోబెట్టి ఊరేగించే సిరిమాను గోడ నాకు నచ్చింది. కానీ మాను చివర కూర్చున్న పూజారి ఒక్కరే కనిపిస్తున్నారు. మాను ముందు నడిచే పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, జాలర్ల వల ఏవీ? ఒక్కోదాని వెనకా ఆ బాధ్యత మోస్తున్న కుటుంబాలు ఉన్నాయి. వాళ్ళ దగ్గరికి వెళ్ళకుండా ఆ గోడ మొదలుపెట్టొద్దు.

గోడలన్నిటికీ అంచుగా సవర గిరిజనుల బొమ్మలు వేద్దామని రాశావు. సీతంపేట కొండల్లో ఎర్రమట్టి గోడ మీద తెల్లగా వేసే ఆ బొమ్మలు అందం కోసం వేసినవి కావమ్మా. చనిపోయిన పెద్దల కోసం, పూజతో వేసేవి. వాళ్ళని పిలిచి, కూర్చోబెట్టి, ఏది వెయ్యొచ్చో ఏది కూడదో వాళ్ళే చెప్పాక, వాళ్ళ చేతనే వేయించండి. డబ్బు కూడా మిగతా ఆర్టిస్టులతో సమానంగా ఇవ్వండి. కుదరకపోతే మామూలు ముగ్గు గీతలు చాలు.

జముకుల కథ బృందానికి నువ్వు స్క్రిప్టు రాసిచ్చావని తెలిసింది. వెనక్కి తీసుకో. జముకు చంకలో పెట్టుకుని నరం లాగుతూ, వంత పాడేవాళ్ళు అందుకుంటుంటే కథ ఎక్కడ సాగాలో ఎక్కడ తెగాలో వాళ్ళకి తెలుసు. నీ దగ్గరున్న తేదీలూ పేర్లూ వాళ్ళకి చెప్పు, వీధిలో విన్న సంగతులు చెప్పు, మిగతాది వదిలేయ్. వాళ్ళ పారితోషికం మాత్రం ముందే మాట్లాడి కవర్లో పెట్టి ఇవ్వాలి. శాలువాతో సరిపెట్టకండి.

మిగిలినవి చిన్న విషయాలు. గోడకి ఇరవై మాటలు దాటనివ్వకు, బండి మీద పోయేవాళ్ళకి అంతకంటే అందవు. మొదటి గోడకి మాత్రం ఎక్కువ చోటు తీసుకో. పాత సున్నం గీకించి ప్రైమర్ కొట్టకుండా రంగు వేస్తే ఒక్క వర్షాకాలానికే పెచ్చులూడతాయి. అక్టోబరులో తుపాన్లు వచ్చే ప్రాంతం మనది, హుద్‌హుద్, తిత్లీ రెండూ ఆ నెలలోనే వచ్చాయి. అందుకని సంక్రాంతి వెళ్ళాక మొదలుపెట్టండి. ఇంటి యజమాని ఒప్పుకున్నట్టు సంతకం ఉండాలి, మున్సిపల్ కార్పొరేషన్‌కి ఒక అర్జీ ఉండాలి. చివరి గోడ మీద పేర్లు రాసేటప్పుడు ఫోటోలు ఇచ్చినవాళ్ళూ, తప్పులు దిద్దినవాళ్ళూ, టీ కాచి ఇచ్చినవాళ్ళూ అందరూ ఉండాలి. నీ పేరు అక్షరక్రమంలో ఎక్కడ వస్తే అక్కడ.

మొదటి గోడ చార్టు మళ్ళీ రాశాక, ఒక ఆదివారం బొబ్బిలి నుంచి నలుగురు పెద్దవాళ్ళని పిలిపించు. మన వీధివాళ్ళతో కలిపి కూర్చోబెట్టి, రెండు పక్కల మాటలూ వాళ్ళ ముందే చదువు. నేనూ వస్తాను. ఆ రోజు వాళ్ళందరి భోజనం మా ఇంట్లోనే, ఎంతమంది వస్తారో రెండు రోజుల ముందు మీ అత్తకి ఫోన్ చేసి చెప్పు.

ఉంటాను,
మీ మాస్టారు